బీము, సపోర్టు, టార్: స్లాబుకు ముందు కొనే కమ్మి, అద్దెకు తెచ్చే జాకీలపై సమీక్ష

స్లాబుకు వారం ముందు రాసే సరుకుల చీటీలో మూడు మాటలు తప్పకుండా ఉంటాయి: బీము, సపోర్టు, టార్. ఇనుము షాపు గుమాస్తాకు బీము అంటే ఐ ఆకారపు గడ్డర్, తూచి అమ్మే సరుకు. తాపీ మేస్త్రీకి అది కాంక్రీటు దూలం. పెంకుటింట్లో పెరిగిన పెద్దాయనకు దూలమంటే టేకుదో తాటిదో, వాసాలు మోసే మాను. సపోర్టు అనగానే, కాంక్రీటు పోసే అచ్చు కట్టే సెంట్రింగ్ వాళ్లకు కింద నిలబెట్టే ఇనుప ఊతం, జాకీ, గుర్తొస్తుంది. ఇంజనీరుకు దూలం వచ్చి కూర్చునే కాలమ్ గుర్తొస్తుంది. కమ్మి పనివాళ్లకు స్లాబులో పై కమ్మిని ఎత్తిపట్టే ఛైరు గుర్తొస్తుంది. ఇక టార్ సంగతి సరేసరి. ఆ పేరున్న కమ్మి షాపుల్లో దాదాపు కనుమరుగైంది, పేరు మాత్రం పోలేదు.

ఈ మాటల తేడా బిల్లులో తేలుతుంది, ఒక్కోసారి స్లాబు కింద తేలుతుంది. అందుకే ఒక మామూలు ఇంటి దూలానికి పట్టే సరుకులను ఈ మూడు మాటల వెంట నడిచి చూశాం: కమ్మి, రింగు, కట్టుతీగ, అద్దె జాకీ. ధరలు రోజుకో తీరుగా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. తూకం, కొలత, ఎక్కడ దెబ్బ తింటాం అన్నదే చూశాం.

లెక్కకు ఒక దూలం అనుకుందాం. వెడల్పు 230 మి.మీ., లోతు 380 మి.మీ., అంటే తొమ్మిదీ పదిహేను అంగుళాలు. పొడవు నాలుగు మీటర్లు. కింద 16 మి.మీ. కమ్ములు మూడు, పైన 12 మి.మీ. రెండు, ఈ కమ్ములను చుట్టి పట్టే 8 మి.మీ. రింగులు 150 మి.మీ.కు ఒకటి. ఇది ఉదాహరణే, మీ ఇంటికి మీ ఇంజనీరు గీసిందే ప్రమాణం. చివరల వంపులు కలిపి ఒక్కో కమ్మి 4.8 మీటర్లు వస్తుంది. అప్పుడు 16 మి.మీ.వి 22.8 కిలోలు, 12 మి.మీ.వి 8.5 కిలోలు. రింగులు 28 పడతాయి. ఒక్కోదానికి దాదాపు 1.2 మీటర్ల కమ్మి పోతుంది కాబట్టి అవి 13.3 కిలోలు. మొత్తం 44.6 కిలోల ఇనుము. అందులో రింగులే మూడో వంతుకు దగ్గరగా ఉన్నాయి. కోత పెట్టేవాళ్ల కన్ను మొదట రింగుల మీద పడేది అందుకే.

షాపులో కమ్మి 12 మీటర్ల పొడవుంటుంది. 4.8 చొప్పున రెండు ముక్కలు కోస్తే 2.4 మీటర్ల తుండు మిగులుతుంది. దాన్ని తుక్కులో వేయనివ్వకండి, దాని పని కింద చెబుతాం.

టార్ అని అడిగితే టీఎంటీ ఇస్తారు

పాత టార్ కమ్మిని నిజంగానే మెలితిప్పి చేసేవారు. పైన ఉబ్బెత్తు గట్లు ఉన్న మామూలు ఉక్కు కమ్మిని చల్లగా ఉండగానే కొనలు పట్టి తిప్పితే, అది సాగడం మొదలయ్యే బలం, అంటే ఈల్డ్, చదరపు మి.మీ.కు 250 న్యూటన్ల దగ్గర నుంచి 415కు చేరేది. ఆ బలం ఊరికే రాలేదు. సాగే గుణం తగ్గేది, మెలి తాలూకు ఒత్తిడి కమ్మిలోనే ఉండిపోయేది, తుప్పు తొందరగా పట్టేది. టీఎంటీ (థర్మో మెకానికల్లీ ట్రీటెడ్) కమ్మిలో మెలి ఊసే లేదు. రోలింగ్ నుంచి ఎర్రగా వచ్చిన కమ్మి మీద నీళ్లు ఒక్కసారిగా కొడతారు. పైపొర గట్టిపడుతుంది, లోపలి వేడి బయటికి వస్తూ ఆ పొరను కాస్త మెత్తబరుస్తుంది. బయట గట్టి చుట్టు, లోపల సాగే గుండె. మంచి కమ్మి కొనను కోసి నునుపు చేసి యాసిడ్ రాస్తే ఆ చుట్టు నల్లటి ఉంగరంలా, అన్ని వైపులా ఒకే మందంతో కనిపిస్తుంది. ఒక వైపు పలచగా ఉన్నా, మధ్యలో తెగిపోయినా నీళ్లు సమంగా తగల్లేదన్నమాట. ఇది ల్యాబులో చేయించే పరీక్ష, షాపు గుమ్మంలో జరిగేది కాదు.

గుమ్మంలో చేయగల పరీక్ష ఒకటుంది. కమ్మి పొడవునా ఎదురెదురుగా రెండు గట్లు వెళ్తాయి. అవి తిన్నగా వెళ్తే టీఎంటీ. చుట్టూ మెలి తిరుగుతూ వెళ్తే పాత టార్. కొత్త సరుకులో రెండోది కనిపించే అవకాశం తక్కువ. పాత డాబా మీద అంతస్తు వేసేవాళ్లకు మాత్రం ఇది చాలా అవసరం. పైకి వదిలిన కాలమ్ కమ్ములు మెలి తిరిగినవైతే అవి 415 రకం. కొత్త లెక్క 500తో వేసి వాటికి అతికించకూడదు. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఒంగి ఉన్నవాటిని గొట్టం దూర్చి నిటారు చేయడం ఇంకా ప్రమాదం, వంపు దగ్గరే విరుగుతాయి. వేలాడే తుప్పు రేకుల్లా ఊడుతుంటే మిగిలిన మందం కొలిచి ఇంజనీరుకు చెప్పాలి.

గ్రేడు విషయంలో మా తీర్పు సూటిగా చెబుతాం. ఇంటికి 500డీ తీసుకోండి. కమ్మికి భారత ప్రమాణమైన ఐఎస్ 1786 ప్రకారం 500 రకం కనీసం 12 శాతం సాగాలి, 500డీ 16 శాతం, 550డీ 14.5 శాతం. గంధకం, భాస్వరం ఒక్కోటి 500లో 0.055 శాతం దాకా ఉండొచ్చు, 500డీలో 0.040 దాటకూడదు. ఈ రెండూ ఎక్కువైతే కమ్మి పెళుసెక్కుతుంది. వంపు పరీక్షలోనూ తేడా ఉంది. 20 మి.మీ. వరకు కమ్ములను 500 అయితే తన మందానికి నాలుగింతల రోలరు చుట్టూ వంచి చూస్తారు, 500డీ అయితే మూడింతల రోలరు చుట్టూ. సైటులో బల్ల మీద మేకులు కొట్టి రింగు వంచేవాళ్లు వాడేది అంత పెద్ద రోలరేమీ కాదు. వంపు బయటి అంచున వెంట్రుకవాసి పగుళ్లు వస్తే తప్పు కమ్మిదా, వంచిన తీరుదా అని వాదన మొదలవుతుంది. 500డీ ఆ వాదనను చాలావరకు తప్పిస్తుంది.

“550డీ తీసుకోండి, ఓ కమ్మి తగ్గించుకోవచ్చు” అన్న మాట షాపులో వినిపిస్తుంది. వినకండి. గ్రేడు పెరిగితే తెగే బలం పెరుగుతుంది గానీ బిగువు పెరగదు. బరువు పడ్డప్పుడు ఎంత సాగుతుందో చెప్పే గుణకం 415కైనా 550కైనా ఒకటే, చదరపు మి.మీ.కు రెండు లక్షల న్యూటన్లు. కమ్మి తగ్గిస్తే దూలం కుంగడం, అడుగున సన్నపగుళ్లు రావడం ఎక్కువవుతాయి. డ్రాయింగే 550డీకి వేసి ఉంటే అది వేరే సంగతి.

ప్రైమరీ, సెకండరీ అన్న మాటలూ చెవిన పడతాయి. విశాఖ ఉక్కు కర్మాగారంలా ముడి ఖనిజం నుంచి ఉక్కు చేసే ప్లాంట్లది ప్రైమరీ. తుక్కు, స్పాంజ్ ఐరన్ కరిగించి రోల్ చేసే మిల్లులది సెకండరీ. సెకండరీ అంటే చెడ్డదని కాదు. తుక్కుతో పాటు ఏం వచ్చిందన్న దాన్ని బట్టి ఒక కాస్ట్‌కూ ఇంకో కాస్ట్‌కూ, అంటే ఒక విడత కరిగించిన ఉక్కుకూ ఇంకో విడతకూ, తేడా ఉంటుంది. కాబట్టి టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. దాని మీది కాస్ట్ నంబరూ బండిల్ లేబుల్ మీది నంబరూ కలవాలి. లేబుల్ మీది సీఎం/ఎల్ లైసెన్సు నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, ఇంకా నడుస్తోందో లేదో తేలుతుంది. రెండు నిమిషాల పని, అయినా ఎవరూ చేయరు.

ఇప్పుడు తూకం. కమ్మి మందాన్ని మి.మీ.లలో తీసుకొని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మీటర్ల కమ్మి ఒక్కోటి 8 మి.మీ.ది 4.74 కిలోలు, 10ది 7.4, 12ది 10.66, 16ది 18.96, 20ది 29.6. ప్రమాణం కొంత తేడాను ఒప్పుకుంటుంది. విడి కమ్మి తీసి తూస్తే 10 మి.మీ. దాకా 8 శాతం, 16 దాకా 6 శాతం, ఆపైన 4 శాతం తక్కువ ఉండొచ్చు. అంటే 12 మి.మీ. కమ్మి 10 కిలోలకు దిగితే వెనక్కి పంపాల్సిందే. మిల్లులు ఆ కింది గీతకు ఆనించి రోల్ చేయడం కొత్తేమీ కాదు. ఇక్కడ బేరం ఎలా కుదిరిందన్నది ముఖ్యం. పీసు లెక్కన కొంటే తక్కువ బరువు కమ్మి వల్ల నష్టం మీది. తూకం లెక్కన కొంటే అదే డబ్బుకు నాలుగు పీసులు ఎక్కువొస్తాయి, కానీ ఒక్కో పీసు సన్నం, దూలానికి చేరే ఇనుము తక్కువే. రెండూ అడగాలి: ఎన్ని పీసులు, ఎంత బరువు. వే బ్రిడ్జి చీటీని పీసుల సంఖ్యతో భాగిస్తే గుట్టు బయటపడుతుంది.

చాలా షాపుల్లో బండిల్‌కు 8 మి.మీ.వి పది, 10వి ఏడు, 12వి అయిదు, 16వి మూడు, 20వి రెండు ఉంటాయి. హైదరాబాదులో పాతవాళ్లు ఇప్పటికీ సూతుల్లో అడుగుతారు. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మూడు సూతులంటే 10 మి.మీ., నాలుగంటే 12, అయిదంటే 16 ఇస్తారు. చీటీ మీద మాత్రం మి.మీ.లోనే రాయండి. సలాక అన్నా, చిత్తూరు వైపు కంబి అన్నా, ఊచ అన్నా ఎవరి నోటి మాట వాళ్లది. ‘12 మి.మీ., 500డీ, 12 మీటర్లు, 25 పీసులు’ అని రాస్తే అందరికీ ఒకటే అర్థం.

సన్న కమ్ములను లారీలో పట్టడానికి మధ్యకు మడిచి తెస్తారు. 8 మి.మీ.కు అది పెద్ద నష్టం కాదు, ఎలాగూ రింగులకు ముక్కలవుతుంది. 16, 20 మి.మీ. కమ్ములు మడిచి తెస్తే మడత చోటును సాపు చేసి దూలం నడుమ పెట్టనివ్వకండి. అక్కడ కోయించి ముక్కలుగా వాడండి. పైన ఎర్రగా పొడిలా పట్టిన తుప్పుతో భయం లేదు. గోనెపట్టతో తుడిస్తే పోయేంత వరకూ సరే. నూనె మరకలు మాత్రం తుడవాల్సిందే, కాంక్రీటు పట్టదు.

రింగులు, వాటి కొక్కేలు

ఈ మధ్య మిషను మీద వంచిన రెడీమేడ్ రింగులు కిలోల లెక్కన దొరుకుతున్నాయి. కొలత సమంగా వస్తుంది, సైటులో వృథా తగ్గుతుంది, కూలీ మిగులుతుంది. బాగున్నాయి. ఒక్క లోపం మాత్రం పదే పదే కనిపిస్తుంది: కొక్కెం. చివరలు 135 డిగ్రీలు తిరిగి దూలం లోపలికి వెళ్లాలి, 90 డిగ్రీలకే ఆగకూడదు. భూకంపాన్ని దృష్టిలో పెట్టుకొని రాసిన ఐఎస్ 13920 ప్రకారం వంపు తర్వాత తోక కమ్మి మందానికి ఆరింతలు, కనీసం 65 మి.మీ. ఉండాలి. 8 మి.మీ. రింగుకు ఆరింతలంటే 48 మి.మీ.యే, కాబట్టి 65 లెక్కే నిలుస్తుంది. తొంభై డిగ్రీల కొక్కెం ఎందుకు పనికిరాదంటే, గట్టిగా ఊగినప్పుడు అంచు కాంక్రీటు రాలిపోతుంది, దాంతో కొక్కెం విచ్చుకుంటుంది. రింగు తెరుచుకున్నాక కమ్మిని పట్టేదేమీ ఉండదు.

కొలతలోనూ మాట తేడా ఉంది. ‘9×15 బీముకు రింగులు’ అని చెబితే కొందరు 9×15 రింగులే చేసి ఇస్తారు. అవి దూలం పోసే అచ్చు పెట్టెలో దిగవు. దిగినా కవరు, అంటే కమ్మిని కప్పి ఉంచాల్సిన కాంక్రీటు పొర, ఉండదు. దూలానికి అన్ని వైపులా 25 మి.మీ. కవరు పోతే రింగు బయటి కొలత 180 × 330 మి.మీ. ఈ రెండంకెలనే రాయండి. పెట్టెలో దించేటప్పుడు కొక్కేలున్న మూలను ఒక రింగుకు కుడికి, పక్క రింగుకు ఎడమకు మార్చి కట్టించండి. అన్నీ ఒకే వరసలో ఉంటే ఆ మూల బలహీనం.

కట్టుతీగ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. కాల్చి మెత్తబరచిన 18 లేదా 20 గేజి బైండింగ్ వైరు అడగండి. 18 అంటే 1.2 మి.మీ., 20 అంటే 0.9 మి.మీ. కొక్కెంతో ఒకటిన్నర, రెండు చుట్లు మెలిపెడితే చాలు. మరో చుట్టు వేస్తే మెడ దగ్గర తెగుతుంది. మెరిసే గట్టి తీగ ఇస్తే వద్దనండి, అది మొదటి మెలికే విరుగుతుంది. కట్టిన కొసలను లోపలికి మడవాలి. కవరులోకి పొడుచుకొచ్చిన కొస తుప్పుకు దారి చూపుతుంది.

సపోర్టు దగ్గర కమ్మి, ఏ సపోర్టు?

డ్రాయింగు మీద ‘సపోర్టు దగ్గర ఎక్స్‌ట్రా’ అని ఉంటుంది. ఇక్కడ సపోర్టు అంటే కాలమ్. ఒకే దూలం కాలమ్ మీదుగా పక్క గదికి సాగితే, కాలమ్ దగ్గర సాగేది పైభాగం. అందుకే పైన అదనపు కమ్మి వేసి, రెండు పక్కలా గది పొడవులో నాలుగో వంతు దాకా తీసుకెళ్తారు. ‘ఎల్ బై ఫోర్’ అని మేస్త్రీలు అనేది అదే. నాలుగు మీటర్ల గదులకు అటు మీటరు, ఇటు మీటరు, కాలమ్ వెడల్పు కలిపితే 2.3 మీటర్లకు అటూఇటూ. ఇందాక మిగిలిన 2.4 మీటర్ల తుండు సరిగ్గా ఇక్కడికి వస్తుంది. 16 మి.మీ. ఎక్స్‌ట్రా రాసి ఉంటే కోసినప్పుడే దానికి రంగు చుక్క పెట్టించండి, తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

తప్పు ఎలా జరుగుతుందంటే, కొత్త కుర్రాళ్లు ఈ ఎక్స్‌ట్రాను కింద వేసేస్తారు. బరువు కిందికే కదా లాగుతుంది అన్నది వాళ్ల తర్కం. లేదా పైనే కడతారు, కాంక్రీటు పోసేటప్పుడు తొక్కి కిందికి దించేస్తారు. స్లాబు కమ్మికి ఈ తొక్కుడు బాధ మరీ ఎక్కువ. అక్కడ కావలసిన సపోర్టు ఛైరు. 8, 10 మి.మీ. తుండ్లతో వంచిన ఛైర్లు మీటరుకొకటి చొప్పున పెడితే పై కమ్మి నిలబడుతుంది. అడుగున కవరింగ్ బిళ్లలు స్లాబుకు 20 మి.మీ., దూలానికి 25, కాలమ్‌కు 40. రాళ్ల ముక్కలతో సరిపెట్టే అలవాటు ఇంకా ఉంది, రాయి పక్కకు దొర్లితే కమ్మి అడుగున పరిచిన సెంట్రింగ్ రేకును తాకుతుంది. ఆ గీత మీదే కొన్నేళ్లకు తుప్పు మరక కనిపిస్తుంది.

జాకీలు, సరుగుడు కర్రలు

అద్దె జాకీలో భాగాలు తక్కువే: కింద పలక, బయటి గొట్టం, రంధ్రాలున్న లోపలి గొట్టం, పిన్ను, పిన్నును ఎత్తే మర నట్టు, పైన పలక. తెచ్చినప్పుడు చూడాల్సింది ముందు పిన్ను. అసలు పిన్నులు పోగొట్టుకొని 8 మి.మీ. కమ్మి ముక్కలు దూర్చి అద్దెకిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. బరువు పడగానే ముక్క వంగుతుంది, రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది, లోపలి గొట్టం ఒరుగుతుంది. పిన్ను లేని జాకీని లెక్కలోకి తీసుకోకండి. తర్వాత చూడాల్సినవి మర నట్టు చేత్తో తిరుగుతోందా, గొట్టం నేల మీద దొర్లిస్తే ఎగరకుండా దొర్లుతోందా, పలక వెల్డింగు చిట్లిందా.

సరుగుడు బాదులు, జామాయిల్ కర్రలతో పోలిస్తే జాకీ మేలు, అందులో సందేహం లేదు. ఎత్తు సర్దుకోవచ్చు, చీలికలు కొట్టే పని లేదు. కోస్తాలో సరుగుడు ఇప్పటికీ చవగ్గా దొరుకుతుంది కాబట్టి చిన్న సైటుల్లో అదే నడుస్తుంది. తిన్నగా ఉన్న కర్ర, అతుకు లేనిది అయితే తప్పు పట్టం. రెండు పొట్టి కర్రలను మేకులతో అతికించి నిలబెట్టినదాన్ని మాత్రం ఊతం అనలేం.

జాకీ అయినా కర్ర అయినా ఒక లెక్క మరిచిపోకూడదు. నిలువు ఊతం ఎత్తు రెండింతలైతే, నడుము వంగకుండా మోసే బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. పది అడుగుల కింద దిట్టంగా నిలిచిన జాకీ, డూప్లెక్సు హాల్లో పూర్తిగా బార్చి పెడితే అదే జాకీ కాదు. మందు ఒకటే: నడుము దగ్గర అడ్డకర్రలతో రెండు వైపులా కట్టడం. నడుము కట్టు ఉంటే లెక్కకు ఎత్తు సగమవుతుంది.

ఎన్ని జాకీలన్నది తేలాలంటే బరువు తేలాలి. మన ఉదాహరణ దూలం ఒక్కటే మీటరుకు 218 కిలోలు. దానికి రెండు వైపులా పన్నెండడుగుల గదులు, 125 మి.మీ. స్లాబు అనుకోండి. స్లాబు కింద జాకీలు పెట్టకుండా టెలిస్కోపిక్ స్పాన్లు, అంటే పొడవు సర్దుకునే ఇనుప అడ్డదూలాలు, వేస్తే, ఆ స్పాన్ల కొనలు కూర్చునేది దూలం పెట్టె పక్కల మీద. గది ఖాళీగా ఉంటుందని స్పాన్లంటే అందరికీ ఇష్టమే, కానీ స్లాబు బరువంతా దూలం కిందికి వస్తుంది. స్లాబు వాటా మీటరుకు 1,125 కిలోలు. మనుషులు, రేకులు, పోసేటప్పుడు పడే కుప్పలకు చదరపు మీటరుకు 150 కిలోలు వేస్తే ఇంకో 540. మొత్తం మీటరుకు 1,880 కిలోలకు పైమాటే. రెండడుగులకో జాకీ పెడితే ఒక్కోదాని మీద 1,130 కిలోలు, మూడడుగులకో జాకీ అయితే దాదాపు 1,700. ‘మూడడుగులకొకటి చాలు’ అనే మేస్త్రీ స్లాబు కింద వేరే జాకీలున్న లెక్క చెబుతున్నాడు. స్పాన్లు వేసినచోట రెండడుగులు దాటనివ్వకండి. స్పాన్ కొన పెట్టె అంచు మీద అంగుళమే ఆనుతుంటే ఆ స్పాన్ మార్చాలి.

నేల సంగతి చెప్పనక్కర్లేదనుకుంటారు గానీ ఎక్కువ కుంగుడు అక్కడే. పునాదిలో మట్టి నింపి నీళ్లు కొట్టి పది రోజులే అయితే పలక కింద మందపాటి చెక్క వేయాలి. ఇటుక ముక్క మీద నిలబెట్టిన జాకీ కాంక్రీటు పడ్డాక అరంగుళం దిగుతుంది. అప్పటికి కాంక్రీటు బిగుసుకోవడం మొదలైతే మళ్లీ ఎత్తకూడదు, పగులు ఖాయం.

దూలమే మెలి తిరిగితే

మెలి అన్న మాట ఇంజనీరు నోట వచ్చిందంటే చాలాసార్లు కమ్మి గురించి కాదు, దూలం గురించే. దూలానికి ఒక పక్కే బరువు వేలాడితే అది తన ఇరుసు చుట్టూ తిరగాలని చూస్తుంది. ఇళ్లలో దీనికి మంచి ఉదాహరణ కిటికీ మీది సన్‌షేడ్. కిటికీ పైన గోడ మోసే లింటెల్ నుంచి రెండడుగులు బయటికి, నాలుగంగుళాల మందాన పోస్తే అది మీటరుకు 150 కిలోలు. గోడ బయటి అంచు దగ్గర తిరగబెట్టే బలం మీటరు పొడవుకు 45 కిలోగ్రాము-మీటర్లు (బరువును దూరంతో గుణిస్తే వచ్చేది). తొమ్మిదంగుళాల వెడల్పు, ఆరంగుళాల లోతున్న లింటెల్ సొంత బరువు దానికి ఎదురునిలిచేది పదే. మిగతాది పైన కట్టబోయే గోడ బరువే మోయాలి. లెక్క వేస్తే తొమ్మిదంగుళాల గోడ పైన రెండున్నర అడుగులు లేస్తే సరిసమానం, కాస్త భద్రత కలిపితే నాలుగడుగులు కావాలి. గోడ లేవకముందే సన్‌షేడ్ కింది కర్రలు వేరే కిటికీకి పట్టుకెళ్లడం మన సైటుల్లో మామూలు. లింటెల్‌ను రెండు కొనల్లో కాలమ్ పట్టి ఉంచకపోతే సన్‌షేడ్ ముందుకు తిరగబడేది అలాగే.

మెలి పడే దూలానికి రింగు మీద కోత కుదరదు. నాలుగు వైపులా మూసిన రింగే కావాలి, యూ ఆకారపు ముక్కలు పనికిరావు. కాంక్రీటుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం రింగుల దూరం మూడు కొలతల్లో ఏది తక్కువైతే అది: రింగు పొట్టి భుజం, పొట్టీ పొడవూ కలిపి నాలుగో వంతు, లేదా 300 మి.మీ. మన 180 × 330 రింగును స్థూలంగా తీసుకుంటే దాదాపు 125 మి.మీ. వస్తుంది. అంటే పక్క దూలాలకు సరిపోయిన 150 బాల్కనీ మోసే దూలానికి చాలదు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు బాల్కనీ వైపు దూలాల రింగులను విడిగా లెక్క వేయించండి.

జాకీ తీసే రోజు, అద్దె ముగిసే రోజు

అద్దె సెంట్రింగ్ సర్వీసుల్లో మాకు నచ్చనిది ప్యాకేజీ రోజులు. ఇన్ని రోజులకు ఇంత అని మాట్లాడుకుంటారు, గడువు దాటితే రోజువారీ లెక్క. ఆ గడువు చాలాసార్లు కాంక్రీటు గడువు కంటే ముందే ముగుస్తుంది. ఐఎస్ 456 ఓపీసీ, అంటే మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు చెప్పేది ఇదీ: పక్క పలకలు 16 నుంచి 24 గంటలకు తీయొచ్చు. స్లాబు అడుగు రేకులు మూడు రోజులకు, దూలం అడుగు పలకలు ఏడు రోజులకు తీయొచ్చు, కానీ తీసిన వెంటనే జాకీలు మళ్లీ నిలబెట్టాలి. జాకీలు పూర్తిగా తీయడానికి 4.5 మీటర్ల లోపు స్లాబుకు ఏడు రోజులు, ఆపైన పద్నాలుగు. ఆరు మీటర్ల లోపు దూలానికి పద్నాలుగు, ఆపైన ఇరవై ఒకటి. బూడిద కలిపిన పీపీసీ సిమెంటు తొలిరోజుల్లో నెమ్మదిగా బిగుస్తుంది కాబట్టి ఇంకాస్త ఆగాలి. మన దగ్గర ఇళ్లకు ఎక్కువగా వాడేది అదే.

కాబట్టి బేరంలో రేకులకు ఒక గడువు, దూలం కింది జాకీలకు ఇంకో గడువు విడిగా రాయించుకోండి. రేకులే ఎక్కువ అద్దె తినేవి, అవి ముందే వెనక్కి వెళ్తాయి. జాకీలకు అదనపు వారం పెద్ద భారం కాదు. పైన ఇంకో స్లాబు పోయబోతుంటే కింది అంతస్తు జాకీలు అప్పటికి కూడా ఉండాలి, అది కూడా బేరంలోకి వేయండి. తీసేటప్పుడు రెండు కొనల మీద ఆనిన దూలానికి మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకు వెళ్లాలి. బాల్కనీ, సన్‌షేడ్‌లకు దీనికి తలకిందులు: బయటి అంచు నుంచి గోడ వైపు. ఒక్కో జాకీ నట్టును కొద్దికొద్దిగా వదలాలి, సుత్తితో కొట్టి పడేయడం కాదు.

సామాను దింపిన రోజే పిన్నులు, వంగిన రేకులు లెక్కపెట్టి చలానా మీద రాయించి సంతకం తీసుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు పిన్నుకింత, రేకుకింత అని కోత వేయడం ఈ వ్యాపారంలో రివాజు. వచ్చినప్పుడే లేని పిన్నులకు కూడా డబ్బు కట్టించుకుంటారు. మర నట్ల మీద కాంక్రీటు పడకుండా పోసే ముందు గోనెసంచి చుట్టిస్తే, దింపేటప్పుడు అవి చేత్తోనే తిరుగుతాయి.